పసిపిల్లలు – మాట్లాడే ఆటబొమ్మలు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం. అచ్చు కోసం అక్కడక్కడ సరిచేయబడినది.)

 

నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ని, ఉర్దూ మీడియంలోనే పాఠం చెప్పుకొని బతుకుతున్నవాణ్ని. నా తెలుగు బస్సులో, సంతలో, స్టాఫ్ రూములో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే మన్నించవలెను. కార్యదర్శి గారు, "మాస్టర్ సాబ్, ఈసారి తెలుగులోనే చెప్పండి. మన పిల్లల్లో సగం మంది ఉర్దూ లిపి చదవలేరు, సావనీరులో వేస్తే వాళ్ల చేతికి కూడా అందాలె" అన్నారు. అది కూడా ఒక దుఃఖమే. దాని సంగతి మధ్యలో తప్పకుండా వస్తది.

విషయం మీ అందరికీ తెలిసిందే. గల్ఫులో పనిచేసే మన ఊరి సోదరులొకరు, పేరు చెప్పవద్దన్నారు, మన సంఘం నడిపే రెండు పసిపిల్లల కేంద్రాలకు కొంత సొమ్ము పంపినారు. ఆ సొమ్ముతో ఎలక్ట్రానిక్ ఆటబొమ్మలు కొనండి, మాట్లాడే లాప్‌టాప్‌లు, పాటలు పాడే పలకలు, అక్షరాలు చెప్పే పెన్నులు కొనండి, మన పిల్లలు కూడా కాన్వెంటు పిల్లల్లాగ తయారుకావాలె అని రాసినారు. కమిటీ వారు, నువ్వు మాస్టరువి గదా, నీ అభిప్రాయం చెప్పు అని నా మీద పెట్టినారు. ఆరేళ్ల కిందట అయితే ఒక్క క్షణం ఆలోచించకుండా "కొనండి" అని చెప్పి కూర్చునేవాణ్ని. యిప్పుడు అట్లా చెప్పలేకున్నాను. ఎందుకో చెప్పాలంటే మా యింటి సంగతి చెప్పుకోవలసి వుంది. సభలో యింటి సంగతి చెప్పటం మంచిది కాదంటారు. అయినా చెప్తాను. చెల్లెలిని అడిగే చెప్తున్నాను.

మా చిన్న చెల్లెలు మొయినాబాద్‌లోనే వుంటది. బావ అప్పుడు దమ్మాములో డ్రైవరు. వాళ్ల పాపకు రెండున్నరేళ్లప్పుడు ఆయన ఒక పార్సిలు పంపినాడు. అందులో గులాబీ రంగు చిన్న లాప్‌టాప్ బొమ్మ. మీట నొక్కితే దీపం వెలుగుతది, "ఏ ఫర్ యాపిల్" అంటది, ఆవు అరుస్తది, పాట పాడుతది. పాప దాని ముందు కూర్చుంటే గంటసేపు కదిలేది కాదు. మీట నొక్కుడు, దీపం వెలగంగనే చప్పట్లు కొట్టుడు. యింటికి వచ్చిన వాళ్లంతా "కిత్తీ హుషార్ బచ్చీ హై" అనేవాళ్లు. నేను కూడా అన్నాను. నేను మాస్టరును గదా, నేనంటే మా చెల్లెలికి యింకా ధైర్యం. పాపకు మాటలు రాలేదు నిజమే. కొందరు పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారు, వాళ్ల మామూ కూడా మూడేళ్లకు గాని నోరు తెరవలేదు అని మా యింట్లో చెప్పుకునేవాళ్లం. ఆ మామూ నేనే.

ఒకనాడు ఆ బొమ్మ మంచం మీద నుంచి పడ్డది. లోపల స్పీకరు తీగ తెగిపోయినట్టుంది, దీపాలు వెలుగుతున్నవి గాని శబ్దం రావటం లేదు. పాప యథాప్రకారం కూర్చున్నది, నొక్కింది, దీపం వెలిగింది, చప్పట్లు కొట్టింది. అదే నవ్వు, అదే సంతోషం. మేమెవరమూ గమనించలేదు. మా అమ్మీ తస్బీహ్ పక్కకు పెట్టి కొంచెంసేపు చూసింది. "ఆవాజ్ తో నై ఆరీ, ఫిర్ కైకు తాలియాఁ మార్రీ?" అన్నది. శబ్దమే లేదు గదా, మరి చప్పట్లు ఎందుకు కొడుతున్నది అని. అని వూరుకోలేదు. వంటింట్లోకి పోయి స్టీలు గిన్నె, గరిటె తెచ్చి, పాప వెనుక నిలబడి ఒక్కటి గట్టిగా కొట్టింది. మేమంతా ఉలిక్కిపడ్డాం. పాప తిరిగి చూడలేదు.

కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రికి తీసుకుపోయినాం. పిల్లను నిద్రపుచ్చి, తలకు తీగలు అంటించి, చెవిలో శబ్దం పెట్టి మెదడు దాకా పోతున్నదా లేదా చూస్తారు. బెరా పరీక్ష అంటారు. రెండు చెవులూ చాలా తక్కువ వినబడుతున్నవి అని తేలింది. డాక్టరమ్మ మా చెల్లెలిని ఏమీ అనలేదు. ఒక్కటే అడిగింది, "ఇన్నాళ్లు ఎందుకు ఆగినారమ్మా?" అని. చెల్లెలు నా దిక్కు చూసింది. నా దగ్గర జవాబు లేదు.

యిరవై ఏండ్ల సర్వీసు నాది. ఎందరో పిల్లలకు అలీఫ్, బే దిద్దించినాను. నా మేనకోడలిని వెనుక నుంచి ఒక్కసారి పేరు పెట్టి పిలిచి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. ఎందుకు రాలేదంటే, బొమ్మ మాట్లాడుతున్నది, పిల్ల చప్పట్లు కొడుతున్నది, యిద్దరి మధ్య ఏదో సంభాషణ జరుగుతున్నదని నేను అనుకున్నాను. అక్కడ సంభాషణ లేదు. దీపం వుంది, అంతే. మనిషి అయితే రెండుసార్లు పిలిచి, మూడోసారి పలకకపోతే అనుమానపడతాడు. బొమ్మకు అనుమానం రాదు.

పాపకు చెవి మిషన్లు పెట్టించినాం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ వారి ప్రాంతీయ కేంద్రం వుంది, అక్కడ మాట నేర్పే శిక్షణకు చెల్లెలు రెండేండ్లు బస్సుల మీద తిరిగింది. యిప్పుడు పాప మూడో తరగతి. మాట్లాడుతది. కొన్ని అక్షరాలు గట్టిగా పలకవు, తెలియని వాళ్లకు రెండోసారి చెప్పవలసి వస్తది. ఏడాదిన్నర ముందు తీసుకొచ్చి వుంటే యింకా బాగుండేదని అందరూ అన్నారు. ఆ ఏడాదిన్నర నా లెక్కలో వున్నది.

బొమ్మ వల్ల చెవుడు రాలేదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలె. దాని మీద నాకు కోపం లేదు. ఆ బొమ్మను నేను యింటికి తెచ్చుకొని స్క్రూడ్రైవరుతో విప్పి చూసినాను. లోపల ఏమున్నదో చూడండి. ఒక పచ్చని పలక. దాని మీద నల్లని తారు చుక్కలాంటిది, దాని కింద చిప్పు. రబ్బరు మీట నొక్కితే దాని అడుగున వున్న నల్లని ముక్క రెండు గీతలను కలుపుతది, కరెంటు పారుతది, చిప్పు తనలో దాచుకున్న శబ్దాన్ని అణా అంత స్పీకరుకు పంపుతది. దీపానికి వేరే దారి. అందుకే స్పీకరు తెగినా దీపం వెలిగింది. మూడు పెన్సిలు సెల్లులు. అంతకు మించి ఏమీ లేదు. ఎవరు నొక్కినారు, ఎందుకు నొక్కినారు, విన్నారా లేదా, దానికేమీ పట్టదు.

మొదట్లో యిట్లాంటివి ఇట్లా లేవు. 1978లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ వారు "స్పీక్ అండ్ స్పెల్" అని ఒక బొమ్మ తెచ్చినారు. ఎర్రటి డబ్బా, పట్టుకోవటానికి పిడి, ముందు అక్షరాల మీటలు. మనిషి గొంతును టేపులో పట్టకుండా, గొంతు పనిచేసే తీరును అంకెలుగా మార్చి, ఒకే చిప్పుతో మాట్లాడించిన మొదటి వస్తువుల్లో అది ఒకటి. 1982లో వచ్చిన ఇ.టి. సినిమాలో వేరే లోకపు జీవి తన వాళ్లకు కబురు పంపటానికి యీ బొమ్మనే వాడుకుంటది. కొంచెం పెద్ద పిల్లల కోసం చేసినారు, ఏడేళ్లు దాటినవారికి. అది ఒక మాట పలికేది, పలికి ఆగేది. పిల్లవాడు ఒక్కొక్క అక్షరం నొక్కే దాకా ఓపికగా వుండేది. తప్పు అయితే మళ్లీ చెయ్యమనేది. ఒక రకంగా అది మాస్టరు చేసే పనే. రెండేళ్ల వాళ్లకు అమ్మే యిప్పటి బొమ్మలు ఆగటం మానేసినవి. నొక్కంగనే మొత్తం చెప్పేసి, పాట కూడా తానే పాడి, "వెరీ గుడ్" కూడా తానే అంటవి. పిల్ల చేసిందేమున్నది, వేలు పెట్టింది, అంతే గదా!

నేను ఒక్క యింటి సంగతి చూసి చెప్తున్నానని మీరనవచ్చును. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఒక పరిశోధన చేసినారు. 2015 డిసెంబరులో వైద్య పత్రికలో అచ్చయింది. పది నెలల నుంచి పదహారు నెలల వయసు పిల్లలు, వాళ్ల తల్లి గాని తండ్రి గాని, మొత్తం 26 జతలు. ప్రతి యింటికీ మూడు రకాల వస్తువులు యిచ్చినారు. ఒకటి ఎలక్ట్రానిక్ బొమ్మలు. అందులో పసిపిల్లల లాప్‌టాప్ కూడా వున్నది, మా యింటికి వచ్చినట్టిదే. రెండు, కర్రతో చేసిన పజిలు, రబ్బరు దిమ్మెలు మొదలైనవి. మూడు, దళసరి అట్ట పుస్తకాలు. యింట్లోనే ఆడుకోమని, మాటలన్నీ రికార్డు చేసి లెక్కపెట్టినారు. పుస్తకంతో కూర్చున్నప్పుడు పెద్దవాళ్లు నిమిషానికి సుమారు 67 మాటలు మాట్లాడినారు. కర్ర బొమ్మలతో 56. ఎలక్ట్రానిక్ బొమ్మలతో 40. పిల్లల వైపు నుంచి వచ్చే శబ్దాలు, ఒకరికొకరు బదులు చెప్పుకోవటం కూడా పుస్తకాలతో పోలిస్తే తగ్గినవి. 26 జతలు చిన్న లెక్కే, కాదనను. గాని నాకు వింత అనిపించలేదు. బొమ్మ మాట్లాడుతుంటే తల్లి మౌనంగా వుంటది. మధ్యలో మాట్లాడితే మర్యాద కాదన్నట్టు! 2018లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం వారు కూడా పసిపిల్లలకు మంచి బొమ్మ అంటే పెద్దవాళ్లను, పిల్లలను దగ్గర చేర్చేదే అని రాసినారు.

యిక్కడ మన తల్లుల తరఫున ఒక మాట. పొద్దున నాలుగు గంటలకు లేచి టమాటాలు, పూలు కోసి గుడిమల్కాపూర్ మార్కెటుకు పంపే యింట్లో, పిల్లతో కూర్చొని మాట్లాడటానికి తీరిక ఎక్కడిది? బొమ్మ గంటసేపు పిల్లను పట్టుకుంటే ఆ గంటలో వంట అవుతది. ఆ తల్లిని తప్పు పట్టేందుకు నేను యిక్కడ నిలబడలేదు. గంట వంటకు బొమ్మ యివ్వండి, ఫోను కంటే అదే నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది లోపు పిల్లలకు తెర అసలే వద్దన్నది, రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా గంటకు మించవద్దన్నది. గాని ఆ గంటను చదువు అని పిలవకండి. డబ్బా మీద "లెర్నింగ్" అని రాసినంత మాత్రాన అది చదువు కాదు.

యిప్పుడు భాష సంగతి. రెండు నెలల కిందట దాత గారు నమూనాకు ఒక పలక పంపినారు. అరబ్బీ అక్షరాల పలక, మీట నొక్కితే అక్షరం చెప్తది, చిన్న దువాలు చెప్తది. కేంద్రంలో పెట్టినాం. పిల్లలు ఎగబడ్డారు, వారంలో ఇరవై ఎనిమిది అక్షరాలూ పాటలాగ అప్పజెప్పినారు. నాకు సంతోషమే. తర్వాత మా బడిలో మొదటి తరగతిలో చేరిన ఒక పిల్లను నేను "టమాటర్ ఏ అక్షరంతో రాస్తావు?" అని అడిగినాను. పాప ఆ పలక తెచ్చుకొని మూల నుంచి మూల దాకా వెతికింది. లేదు. వుండదు. అది అరబ్బీ పలక. ఉర్దూలో వుండే పే, టే, చే, డాల్, గాఫ్ అరబ్బీలో లేవు. పానీ రాయటానికి పే లేదు, గాయ్ రాయటానికి గాఫ్ లేదు. చేవెళ్లలో పుట్టి, తండ్రి టమాటాలు పండిస్తుంటే, ఆ పిల్ల చేతిలో వున్న పలకలో టమాటా అక్షరమే లేదు. పాప నన్ను అడిగింది, "సాబ్, యె హర్ఫ్ ఖరాబ్ హోగయా క్యా?" అని. ఆ అక్షరం పాడైపోయిందా అని.

యింకొక తమాషా. ఆ పలక ఖాఫ్ అక్షరాన్ని గొంతు లోపలి నుంచి అరబ్బుల్లాగ పలుకుతది. మనం దక్కన్ వాళ్లం, "ఖలమ్" అంటాం, "ఖాజీ" అంటాం, ఉత్తర హిందూస్తాన్ వాళ్లు నవ్వినా అట్లాగే అంటాం. పిల్లలు పలక చెప్పినట్టు చెప్తే అమ్మమ్మలు దిద్దుతారు, అమ్మమ్మలు చెప్పినట్టు చెప్తే హాఫిజ్ సాబ్ దిద్దుతారు. మధ్యలో పిల్లవాడి గొంతు నొప్పి! యీ తగాదా బొమ్మ వల్ల వచ్చింది కాదు లెండి, ముందు నుంచీ వున్నదే.

ఉర్దూ పలికే బొమ్మ బజారులో దొరకటం కష్టం. తెలుగు పలికేవి కొన్ని వున్నవి గాని, వినండి, ఆ తెలుగు మన యింటి తెలుగు కాదు. ఇంగ్లీషు బొమ్మలకేమీ కొదువ లేదు. మూడేళ్ల పిల్లకు మనం కొనిపెట్టే బొమ్మ ఏ భాష మాట్లాడితే ఆ భాషే గొప్పదని ఆ పిల్ల అనుకుంటది. ఉర్దూ లిపి చదవలేని సగం మంది గురించి మొదట్లో చెప్పినాను. వాళ్లు తెలివి తక్కువ వాళ్లు కాదు. వాళ్ల చేతికి వచ్చిన వస్తువుల్లో దేని మీదా ఆ లిపి లేదు.

యింత చెప్పి, అన్నీ చెడ్డవే అనటం న్యాయం కాదు. పెన్ను గురించి చెప్తాను. పుస్తకం మీద పెడితే చదివే పెన్ను, ఖురాన్ పెన్ను అని మీలో చాలా మంది చూసినారు. దాని మొనలో చిన్న కెమెరా వుంటది. పుస్తకం కాగితం మీద కంటికి సరిగా కనబడని సన్నటి చుక్కలు అచ్చువేసి వుంటవి. చుక్కల అమరిక ఒక్కొక్క చోట ఒక్కొక్క రకం. పెన్ను ఆ అమరికను చదివి, దానికి తగిన శబ్దాన్ని లోపలి మెమరీలో నుంచి తీస్తది. జర్మనీలో, అమెరికాలో యిదే పద్ధతి మీద పిల్లల కథల పుస్తకాలు 2008, 2010 ప్రాంతాల నుంచి అమ్ముతున్నారు. అందుకే ఆ పెన్ను దాని పుస్తకం మీదనే పనిచేస్తది, వేరే పుస్తకం మీద పెడితే మూగది.

మొయినాబాద్ కేంద్రానికి వచ్చే ఒక తల్లి వున్నది. తెలుగు మీడియంలో పదో తరగతి చదివింది. ఖాయిదా చదవటం రాదు, కొడుకు ముందు ఆ మాట ఒప్పుకోవటానికి సిగ్గు. ఆమె ఆ పెన్ను తీసుకుపోయి, పిల్లవాణ్ని ఒడిలో కూర్చోబెట్టుకొని, రాత్రిపూట యిద్దరూ కలిసి నేర్చుకున్నారు. పెన్ను చెప్పంగనే ఆమె చెప్పేది, ఆమె చెప్పంగనే వాడు చెప్పేవాడు. వాడు తప్పు చెప్తే నవ్వేది, ఆమె తప్పు చెప్తే వాడు నవ్వేవాడు. నాలుగు నెలల్లో ఆమె చదవటం నేర్చింది. కొడుకు యింకా సగంలో వున్నాడు, దాని గురించి ఆమెకు దిగులు లేదు. అదే పెన్ను యింకొక యింట్లో పిల్లవాడి చేతికి ఒంటరిగా యిచ్చినారు. వాడు ఆవు బొమ్మ వున్న చోట మాత్రమే పొడుస్తాడు, రోజుకు యాభైసార్లు.

సెల్లుల సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను, గాని దయచేసి తల్లులు వినాలె. సంతలో దొరికే చవక బొమ్మల్లో, పాడే కార్డుల్లో, మెరిసే బంతుల్లో గుండీ లాంటి గుండ్రని సెల్లులు వుంటవి. పిల్లలు వాటిని మింగుతారు. చిన్న సెల్లు కడుపులోకి జారిపోవచ్చు. రూపాయి బిళ్ల అంత వుండే లిథియం సెల్లు ఆహార నాళంలో యిరుక్కుంటే తడికి కరెంటు పారి లోపల కాలుతది. రెండు గంటల్లోనే తీవ్రమైన గాయం కావచ్చు. దగ్గు, చొంగ, అన్నం మింగలేకపోవటం, ఒక్కొక్కసారి ఏ గుర్తూ లేకపోవటం. మింగిందేమో అన్న అనుమానం వచ్చినా వాంతి చేయించవద్దు, రేపు చూద్దామనవద్దు. ఎక్స్‌రే వున్న ఆసుపత్రికి వెంటనే పోవాలె, పిల్లలకైతే నిలోఫర్ వున్నది. సెల్లు మూతకు స్క్రూ లేని బొమ్మ యింట్లోకి రానీయకండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి అయింది, బండి మీద కొనేటప్పుడు కూడా అడగండి. వాడు నవ్వుతాడు. నవ్వనివ్వండి. శబ్దం మరీ ఎక్కువైన బొమ్మకు స్పీకరు రంధ్రాల మీద సెల్లోటేపు అంటించండి. పిల్లలు దాన్ని చెవికి ఆనించుకొని వింటారు.

ఇక సొమ్ము. కమిటీ వారు అడిగినారు గనుక చెప్తున్నాను, నిర్ణయం మీది.

మొదటి ఖర్చు, బస్సు కిరాయి. రెండు కేంద్రాల్లో వున్న ప్రతి పిల్లకూ చెవి పరీక్ష చేయించాలె. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వస్తవి. చెవి, కన్ను, ఎదుగుదల చూస్తారు. మన కేంద్రాలు అంగన్‌వాడీలు కావు గనుక మన గడప తొక్కరు. మన పిల్లల లిస్టు రాసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మనమే యివ్వాలె. అక్కడ అనుమానం వచ్చిన వాళ్లను కోఠీ తీసుకుపోవాలె. మెహదీపట్నం బస్సుకు, అక్కడి నుంచి కోఠీకి, తల్లి, పిల్ల, ఒక రోజు కూలి నష్టం. ఆ నష్టం మనం కట్టియ్యాలె. అది కట్టకపోతే రారు. మా చెల్లెలికి అన్న వున్నాడు గనుక పోయింది.

రెండోది, పెన్నులు కొనండి, పలకలు వద్దు. పెన్ను కేంద్రంలో వుంచవద్దు. వారానికి ఒక యింటికి యివ్వండి, ఒడిలో కూర్చోబెట్టుకొని నేర్పటానికి ఒప్పుకున్న తల్లికి గాని, దాదీకి గాని, నానీకి గాని యివ్వండి. కేంద్రంలో వుంచితే ఏమవుతదో నాకు తెలుసు, పాడవుతదని బీరువాలో పెట్టి తాళం వేస్తారు, తనిఖీకి వచ్చిన వాళ్లకు చూపిస్తారు. నేను పనిచేసిన ఒక బడిలో అట్లా పెట్టిన వస్తువులకు డబ్బా మీద ప్లాస్టిక్ కూడా తీయలేదు, లోపల సెల్లులు కారి పచ్చగా పట్టినవి.

మూడోది, కర్ర దిమ్మెలు, పజిళ్లు, ఉర్దూ తెలుగు రెండు లిపులూ వున్న బొమ్మల పుస్తకాలు. కేంద్ర ప్రభుత్వం 2023 ఫిబ్రవరిలో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం "జాదూయీ పిటారా" అని ఒక పెట్టె విడుదల చేసింది. అందులో కూడా చేతిబొమ్మలు, పజిళ్లు, బొమ్మల కార్డులు, కథల పుస్తకాలే. ఏటికొప్పాక లక్కబొమ్మలు కొంచెం ఖరీదైనా కొనదగినవి. దాత గారికి ఎలక్ట్రానిక్ అనే మాట ముఖ్యమైతే, ఆయన మనసు కష్టపెట్టకుండా నేనొక వుపాయం చేసినాను.

అదిగో, తలుపు దగ్గర బల్ల మీద చూడండి. మా నాలుగో తరగతి పిల్లలు చేసిన ఆరు అట్టలు. ఎడమ వైపు బొమ్మలు, కుడి వైపు ఉర్దూలో, తెలుగులో పేర్లు. ప్రతి దాని పక్కన ఒక యిత్తడి పిన్ను. వెనుక నుంచి బొమ్మ పిన్నును సరైన పేరు పిన్నుతో తీగతో కలిపినారు. ఒక టార్చి సెల్లు, ఒక బల్బు, రెండు విడి తీగలు. ఒక తీగ టమాటా బొమ్మ మీద, యింకొకటి టమాటర్ అన్న మాట మీద పెడితే దారి పూర్తయి బల్బు వెలుగుతది. తప్పు పెడితే వెలగదు, తిట్టదు, పాట పాడదు. మొదటి అట్టను చిన్న పిల్లలకు యిస్తే రెండు రోజుల్లో ఒకడు చదవకుండానే అన్నీ వెలిగించినాడు. ఎట్లారా అంటే, "పైనుంచి మూడోదానికి కిందినుంచి రెండోది సాబ్" అన్నాడు. తీగల స్థలం బట్టీ పట్టినాడు! గులాబీ లాప్‌టాప్ కంటే మా అట్ట గొప్పదేమీ కాదని అప్పుడు తెలిసింది. అందుకని మిగిలిన అయిదింటికీ వెనుక తీగలు వూడదీసి మార్చుకునేట్టు, ముందు కార్డులు తిప్పిపెట్టుకునేట్టు చేసినారు. మార్చే పని పెద్ద పిల్లలది. వాళ్లు చిన్నవాళ్లను ఓడించాలని రోజూ మారుస్తున్నారు, చిన్నవాళ్లు పక్కనున్న వాణ్ని "యె క్యా లిఖా హై" అని అడుగుతున్నారు. ఆ అడగటమే నాకు కావలసింది.

మా మేనకోడలు మూడో తరగతి అయినా యీ పనిలో చేరింది. తీగలు అతికించటంలో నాలుగో తరగతి వాళ్ల కంటే దాని చేయి నయం. ఆరో అట్ట అదే చేసింది. దానికి బల్బుతో పాటు చిన్న బజరు కూడా పెట్టింది, నేను చెప్పలేదు. ఎందుకంటే, దీపం చూసి చప్పట్లు కొట్టే పిల్లలెవరో, శబ్దం వినేవాళ్లెవరో తెలియాలంట. సభ అయిపోయినాక చూడండి. మూడో అట్ట బల్బు పొద్దున్నుంచి వెలగటం లేదు, ఎవరి దగ్గరైనా మంచి టార్చి బల్బు వుంటే యిచ్చిపోండి.